మనీలాలో క్రిస్మస్ సెలవలు: తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా దాటిందంటే చాలు, డిసెంబర్‌లో మనీలా వద్దామనుకుంటున్నాం, ఏంటి సంగతి అని వాట్సాప్‌లు మొదలవుతాయి. కొందరికి ఇక్కడ మెడిసిన్ చదివే పిల్లలున్నారు, కొందరు ఇప్పుడు వీసా అక్కర్లేదని తెలిసి బయల్దేరుతున్నారు, ఇంకొందరు క్రిస్మస్ అంటే ప్రాణం పెట్టే గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్ళు. అందరూ అడిగేవి ఇంచుమించు అవే కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఊరంతా చూపించే గైడ్ కాదిది, డిసెంబర్ సెలవల వరకే.

సింగపూర్, బ్యాంకాక్ ఉండగా మనీలాకే ఎందుకు రావాలి?

లైట్లు, మాల్స్, షాపింగ్ మాత్రమే కావాలంటే నిజంగా సింగపూరే వెళ్ళండి, అక్కడ అన్నీ శుభ్రంగా టైంకి జరుగుతాయి, ఇక్కడ ట్రాఫిక్‌లో విసిగిపోతారు. కానీ క్రిస్మస్‌ని ఊరు ఊరంతా ఇంటి పండగలా చేస్కునే చోటు చూడాలంటే మాత్రం ఈ చుట్టుపక్కల ఇలాంటిది ఇంకోటి లేదు. ఫిలిప్పీన్స్‌లో 2020 జనాభా లెక్కల ప్రకారం నూటికి దాదాపు 79 మంది క్యాథలిక్కులు, మూడొందల ఏళ్ళకు పైగా స్పెయిన్ పాలనలో ఉన్న దేశం. ఇక్కడ సెప్టెంబర్ 1 నుంచే షాపుల్లో క్రిస్మస్ పాటలు పెట్టేస్తారు, పేరు చివర 'బర్' వచ్చే నాలుగు నెలలూ పండగ నెలలే అని వీళ్ళ లెక్క. డిసెంబర్ వచ్చేసరికి సెక్యూరిటీ గార్డు దగ్గర్నుంచి బ్యాంక్ మేనేజర్ దాకా అందరూ పండగ మూడ్‌లో ఉంటారు.

ఏ తేదీల్లో వస్తే బావుంటుంది?

నన్నడిగితే డిసెంబర్ 19, 20 కల్లా దిగిపోండి, 27, 28 దాకా ఉండండి. చాలామంది 24 పొద్దున దిగి 25న ఊరు చూద్దామని ప్లాన్ చేస్తారు, అది మాత్రం వద్దు, ఎందుకంటే మనీలా క్రిస్మస్‌లో అసలైన భాగం 16 నుంచి 24 వరకు తెల్లవారుజామున జరుగుతుంది, 25 వచ్చేసరికి జనం ఇళ్ళల్లో ఉంటారు, రోడ్లు ఖాళీ. ఆ తొమ్మిది తెల్లవారుజాముల్లో కనీసం రెండు మూడైనా మీకు దొరకాలి.

ఆ తెల్లవారుజాము పూజ ఏంటి? మేం క్రైస్తవులం కాదు, వెళ్ళొచ్చా?

దాన్ని సింబాంగ్ గబీ అంటారు. డిసెంబర్ 16 నుంచి 24 వరకు తొమ్మిది రోజులు, పొద్దున నాలుగింటికో నాలుగున్నరకో ప్రతి చర్చిలో మాస్, అంటే క్యాథలిక్కుల పూజ, జరుగుతుంది. స్పానిష్ వాళ్ళ కాలంలో రైతులు పొలానికి వెళ్ళేలోపే ప్రార్థన అయిపోవాలని చీకటితోనే పెట్టారని చెప్తారు. తొమ్మిదీ తప్పకుండా వెళ్తే కోరుకున్నది జరుగుతుందని నమ్మకం, అందుకే పరీక్షలున్న పిల్లలు, నైట్ షిఫ్ట్ అయిపోయి కాల్ సెంటర్ ట్యాగ్ మెడలోనే ఉన్నవాళ్ళు, మనవల్ని ఎత్తుకున్న అమ్మమ్మలు, అందరూ కనిపిస్తారు. లోపల చోటు చాలక ఆవరణలో ప్లాస్టిక్ కుర్చీలేస్తారు, అదీ నిండి రోడ్డు మీద నిలబడతారు.

మనవాళ్ళకి చెప్పేటప్పుడు నేను ధనుర్మాసం గుర్తు చేస్తా. అది కూడా దాదాపు అదే రోజు మొదలవుతుంది, చీకటితో లేవడం, చలిగాలి, గుడి మైకులో తిరుప్పావై, చివర్లో ఆకు దొన్నెలో వేడి వేడి పొంగలి. ఇక్కడ పొంగలి బదులు చర్చి గేటు బయట అరిటాకు మీద బిబింకా అనే బియ్యప్పిండి కేకు. ఈ మాట చెప్తే మా ఊరి పెద్దవాళ్ళు కూడా వెంటనే అర్థం చేస్కుంటారు.

వెళ్ళొచ్చా అంటే నిక్షేపంగా వెళ్ళొచ్చు, ఎవరూ మీరెవరని అడగరు. రెండు మూడు విషయాలు పాటించండి చాలు. షార్ట్స్, స్లీవ్‌లెస్ వద్దు. చివర్లో అందరూ వరసగా వెళ్ళి ప్రసాదంలా ఇచ్చే అప్పం తీస్కుంటారు చూడండి, అది క్యాథలిక్కులకి మాత్రమే, అప్పుడు మీరు మీ చోటే కూర్చోండి, ఎవరూ తప్పుగా అనుకోరు. ఫోన్ తీసి వీడియోలు తీస్తూ ముందుకెళ్ళడం మాత్రం అస్సలు బాగోదు, వాళ్ళు మొహం మీద ఏమీ అనరు కానీ బాధపడతారు. నాలుగింటికి లేవలేం అనుకునేవాళ్ళకి చాలా చర్చిల్లో 15 నుంచి 23 వరకు రాత్రిపూట కూడా పెడతారు, కానీ ఆ చీకటి, ఆ చలి రాత్రి మాస్‌కి రాదు.

ఏ చర్చికి వెళ్ళాలి?

మీ హోటల్ నుంచి నడిచి వెళ్ళగలిగే దానికి. సీరియస్‌గానే చెప్తున్నా, పేరున్న చర్చి కోసం ఊరి అవతలికి వెళ్ళాల్సిన పనిలేదు, పేట చర్చిలోనే పండగ ఇంకా బావుంటుంది. చూడాలనే ఉంటే ఇంట్రామురోస్ కోటలో సాన్ అగస్తీన్ చర్చి ఉంది, 1607లో పూర్తయిన రాతి కట్టడం, 1993 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. 1945లో అమెరికా, జపాన్ సైన్యాల యుద్ధంలో ఆ కోట లోపల చర్చిలన్నీ నేలమట్టమైతే నిలబడింది ఇదొక్కటే. పైకప్పు మీద శిల్పాలున్నట్టు కనిపిస్తుంది, దగ్గరగా చూస్తే అది పెయింటింగ్.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది లాస్ పిన్యాస్ చర్చి. అక్కడ వెదురుతో చేసిన ఆర్గన్ అనే వాయిద్యం ఉంది, దియేగో సేరా అనే ఫాదర్ 1816లో మొదలుపెట్టి 1824లో పూర్తి చేశారు, మొత్తం 1031 గొట్టాల్లో 902 వెదురువే. రెండొందల ఏళ్ళ కిందటి వెదురు ఇప్పటికీ పలుకుతోంది. దాని సౌండ్ మెత్తగా, కొంచెం పిల్లనగ్రోవి దగ్గరగా ఉంటుంది, సంగీతం మీద ఇష్టమున్నవాళ్ళు తప్పకుండా వినండి.

వీసా నిజంగా అక్కర్లేదా?

2025 జూన్ నుంచి ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు టూరిజం కోసం 14 రోజుల దాకా వీసా లేకుండా రావచ్చు. ఆ 14 రోజులు పొడిగించరు, ఇక్కడికొచ్చాక వేరే వీసాగా మార్చరు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, షెంగెన్, సింగపూర్, యూకే వీసాగానీ రెసిడెన్సీగానీ చెల్లుబాటులో ఉన్నవాళ్ళకైతే 30 రోజులు. పాస్‌పోర్ట్ ఇంకో ఆరు నెలలైనా ఉండాలి, రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్, డబ్బులున్నట్టు చూపించే కాగితం దగ్గర పెట్టుకోండి. వచ్చే ముందు 72 గంటల్లోపు ఈట్రావెల్ అనే ప్రభుత్వ సైట్‌లో రిజిస్టర్ చేస్కోవాలి, అది ఫ్రీ, డబ్బులడిగే సైట్ కనిపిస్తే అది వేరేది, మూసేయండి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు ఎంబసీ సైట్ ఒకసారి చూస్కోండి.

ఫ్లైట్లు ఎలా?

2025 అక్టోబర్ నుంచి ఢిల్లీ నుంచి డైరెక్ట్ ఉంది. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ వాళ్ళు ఎక్కువగా సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్ మీదుగా వస్తారు. డిసెంబర్‌లో గల్ఫ్ నుంచి, హాంకాంగ్ నుంచి, సింగపూర్ నుంచి లక్షల మంది ఫిలిప్పినోలు పండక్కి ఇంటికొస్తారు, పెద్ద పెద్ద అట్టపెట్టెలతో, మన గల్ఫ్ వాళ్ళు సంక్రాంతికి వచ్చినట్టే. అందుకని రేట్లు చుక్కల్లో ఉంటాయి, సెప్టెంబర్‌లోనే కొనుక్కోండి.

డిసెంబర్‌లో వానలుంటాయా?

మనీలాకి ఇది మంచి సీజన్. ఈశాన్యం నుంచి చల్లగాలి వస్తుంది, పొద్దున 22, 23 డిగ్రీలు, మధ్యాహ్నం 30 దాకా. తుఫాన్లు తగ్గుతాయి కానీ అసలు రావని కాదు, 2021లో డిసెంబర్ 16న పెద్ద తుఫాను సురిగావ్, సెబూ వైపు చాలా నష్టం చేసింది. సెబూ, బోరకాయ్ లాంటి దీవులు కూడా ప్లాన్‌లో ఉంటే మధ్యలో ఒకటి రెండు రోజులు ఖాళీ వదలండి.

ఎక్కడ ఉంటే మంచిది?

ఫ్యామిలీతో వచ్చేవాళ్ళకి మకాతి. ఫుట్‌పాత్‌లుంటాయి, ఇండియన్ రెస్టారెంట్లున్నాయి, గ్రీన్‌బెల్ట్ మాల్ మధ్యలో పార్కులోనే చిన్న చాపెల్ ఉంది, అయాలా ట్రయాంగిల్ గార్డెన్స్‌లో సాయంత్రం చెట్ల మీద లైట్ల షో నడిచి వెళ్ళి చూడొచ్చు. పాత ఊరు, చరిత్ర ఇష్టమైతే ఎర్మిటా, మలాతే వైపు, ఇంట్రామురోస్, రిజాల్ పార్క్ దగ్గర, పాకోలో హిందూ గుడి, యునైటెడ్ నేషన్స్ అవెన్యూ మీద గురుద్వారా కూడా ఆ దగ్గర్లోనే. అక్కడ రాత్రిపూట కొన్ని వీధులు పిల్లలతో తిరగడానికి అంత బాగోవు. బీజీసీ అంటే బోనిఫాసియో గ్లోబల్ సిటీ కొత్తగా, అద్దాల బిల్డింగులతో చాలా నీట్‌గా ఉంటుంది, కానీ నా దృష్టిలో మనీలా క్రిస్మస్ చూడ్డానికి వచ్చి అక్కడ ఉండటం దండగ.

ట్రాఫిక్ అంత ఘోరమా?

ఘోరమే, డిసెంబర్‌లో మరీ. దీనికో కారణముంది. ఇక్కడ 1975 నుంచి చట్టం ఉంది, ప్రతి కంపెనీ ఉద్యోగులకి పదమూడో నెల జీతం డిసెంబర్ 24 లోపు ఇచ్చి తీరాలి. అంటే ఊరందరి చేతిలో ఒకేసారి డబ్బులు, అందరూ ఒకేసారి షాపింగ్‌కి, ఆఫీస్ పార్టీలకి. ఎయిర్‌పోర్ట్ నుంచి మకాతికి మామూలుగా అరగంట పట్టేది సాయంత్రం పూట రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. అందుకని రోజుకి ఒకే ప్రాంతం పెట్టుకోండి. ఎడ్సా రోడ్డు మీదుగా వెళ్ళాల్సొస్తే కార్ కంటే ఎమ్మార్టీ రైలు మేలు, బీప్ కార్డ్ ఒకటి కొనుక్కుంటే రైళ్ళన్నిటికీ పనికొస్తుంది. ఫ్లైట్ ఎక్కే రోజు మాత్రం నాలుగైదు గంటల ముందే బయల్దేరండి, ప్లీజ్.

జీప్నీ, అంటే పొడుగాటి జీపు లాంటి ఇక్కడి షేర్ బండి, ఒక్కసారైనా ఎక్కండి. డబ్బులు పక్కవాళ్ళ చేతికిస్తే చేతులు మారుతూ డ్రైవర్ దగ్గరికెళ్తాయి, చిల్లర కూడా అలాగే వెనక్కొస్తుంది. దిగాలంటే 'పారా పో' అనాలి. డ్రైవర్‌ని, షాపులో అబ్బాయిని 'కుయా' అని, అమ్మాయిని 'ఆతె' అని పిలవండి, అన్నా, అక్కా అన్నట్టే, పిలిచిన వెంటనే మొహంలో తేడా కనిపిస్తుంది.

24 రాత్రి, 25న ఏం చెయ్యాలి?

24న మధ్యాహ్నంలోపు పనులన్నీ ముగించేయండి. సాయంత్రానికి మాల్స్ త్వరగా మూసేస్తారు, రైళ్ళు కూడా మామూలు కంటే ముందే ఆపేస్తారు, క్యాబ్ దొరకదు. రాత్రి చర్చిలో మాస్, అది అయ్యాక అర్ధరాత్రి ఇంట్లో అందరూ కలిసి భోజనం చేస్తారు, దాన్ని నోచె బుయెనా అంటారు. హామ్, ఎర్ర మైనం పూసిన గుండ్రటి చీజ్, తియ్యటి స్పఘెట్టి, ఫ్రూట్ సలాడ్, ఉన్నవాళ్ళింట్లో లెచోన్ అని పూర్తిగా కాల్చిన పంది. లేనివాళ్ళు కూడా ఆ రాత్రికి ఏదో ఒకటి ప్రత్యేకంగా పెట్టాలని నెలల ముందు నుంచి కూడబెడతారు. ఎవరైనా తెలిసినవాళ్ళు పిలిస్తే ఇంకేమీ ఆలోచించకుండా వెళ్ళండి. ఎవరూ లేకపోతే 23నే హోటల్ డిన్నర్ బుక్ చేస్కోండి, లేదంటే కావాల్సినవి ముందే కొని రూమ్‌లో పెట్టుకోండి, ఆ రాత్రి ఆకలితో హోటల్ వెతుక్కుంటూ తిరగడం చాలా కష్టం.

25 పొద్దున ఊరు నిశ్శబ్దం. పిల్లలు కొత్త బట్టలేస్కుని నినాంగ్, నినోంగ్ అంటే జ్ఞానస్నానం అప్పటి పెద్దమ్మ పెద్దనాన్న వరసవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి డబ్బులు, బహుమతులు తీస్కుంటారు. మధ్యాహ్నం నుంచి రిజాల్ పార్క్, మాల్స్ కుటుంబాలతో నిండిపోతాయి.

ఎవరైనా ఇంటికి పిలిస్తే ఎలా ఉండాలి?

మన ఇళ్ళల్లో ఉన్నట్టే ఉండండి, పెద్ద తేడా లేదు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చెయ్యి తీస్కుని నుదుటికి ఆనించుకుంటారు, 'మానో పో' అంటారు, మన పాదాభివందనం లాంటిదే. మీ పిల్లల చేత చేయిస్తే ఆ ఇంటి బామ్మ జన్మలో మర్చిపోదు. ఖాళీ చేతులతో వెళ్ళొద్దు, ఊరి నుంచి వచ్చేవాళ్ళు తినేవి ఏవైనా తేవడం ఇక్కడి అలవాటు, పూతరేకులు తెచ్చినవాళ్ళకి మంచి పేరొచ్చింది. తినమని అడిగితే కాస్తయినా తినండి, తినలేనిది ముందే నవ్వుతూ చెప్పేయండి.

మేం శాకాహారులం, బతకగలమా?

బతకగలరు కానీ అడిగి తినాలి. కూరగాయల కూరలో కూడా చేపల సాస్ అంటే పాతిస్, రొయ్యల ముద్ద అంటే బాగోంగ్ వేస్తారు, పినక్‌బెత్ చూడ్డానికి మన కలగూరలా ఉంటుంది కానీ అందులో బాగోంగ్ ఉంటుంది. ఈ మాటలు రాసి పెట్టుకోండి: కర్నె అంటే మాంసం, బాకా అంటే బీఫ్, బాబోయ్ అంటే పంది, మనోక్ అంటే కోడి, ఇస్దా అంటే చేప, వాలాంగ్ అంటే లేకుండా. 'వాలాంగ్ కర్నె, వాలాంగ్ ఇస్దా, వాలాంగ్ పాతిస్' అని మూడూ చెప్పాలి, వెజిటేరియన్ అని ఒక్క మాట చెప్తే మాంసం తీసేసి చికెన్ సూప్‌తో చేసి పెడతారు, పాపం వాళ్ళకి అది తప్పని తెలీదు.

చర్చి బయట దొరికేవి చాలావరకు మీవే. పుటో బుంబోంగ్ అంటే ఊదారంగు బియ్యప్పిండిని వెదురు గొట్టాల్లో ఆవిరి మీద ఉడికించి పైన కొబ్బరి కోరు, నల్లటి చక్కెర, వెన్నో మార్జరీనో వేసి అరిటాకులో ఇస్తారు, రెండు తింటే కడుపు నిండుతుంది. బిబింకాలో గుడ్డు ఉంటుంది, పైన ఉప్పు గుడ్డు ముక్కలు కూడా, చూస్కోండి. తాగడానికి సలాబత్, మంచి ఘాటైన అల్లం టీ. పొద్దున్నే వీధుల్లో బిందెల్లాంటి డబ్బాలు మోసుకుంటూ 'తాహో' అని అరుస్తూ వెళ్తారు, మెత్తటి సోయా, బెల్లం పాకం లాంటిది, సగ్గుబియ్యం, మా ఇంట్లో వాళ్ళకి రోజూ కావాలి అది.

లైట్లు, నక్షత్రాలు ఎక్కడ చూడాలి?

ప్రతి ఇంటికీ వేలాడే నక్షత్రం లాంతరుని పరోల్ అంటారు. మన కోస్తాలో డిసెంబర్ రాగానే డాబాల మీద స్టార్ కడతారు కదా, అదే సంప్రదాయం, ఇక్కడ వెదురు పుల్లలు, పల్చటి కాగితంతో చేస్తారు, ఖరీదైనవి కాపిజ్ అనే పల్చటి ఆల్చిప్ప పెంకులతో. లాస్ పిన్యాస్ వైపు రోడ్డు పక్కన వరసగా అమ్ముతారు. కాపిజ్‌వి కొంటే చేతి సామాన్లోనే పెట్టుకోండి, పెట్టెలో పగిలిపోతాయి.

ఒక్కరోజు ఖాళీ ఉంటే మనీలాకి ఉత్తరాన 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న సాన్ ఫెర్నాండో వెళ్ళండి. డిసెంబర్‌లో క్రిస్మస్‌కి ముందు వచ్చే ఒక శనివారం మామూలుగా అక్కడ పెద్ద లాంతర్ల పోటీ జరుగుతుంది, ఒక్కో పేట ఒక్కో లాంతరు, దాదాపు ఇరవై అడుగుల ఎత్తు, వేల బల్బులు, పాటకి తగ్గట్టు రంగులు పువ్వులా విచ్చుకుంటాయి. దీన్ని సంప్రదాయంగా నడిపేది కంప్యూటర్ కాదు. లాంతరు వెనక పెద్ద ఇనప డ్రమ్ములుంటాయి, వాటి చుట్టూ టేపు అంటిస్తారు, మనుషులు చేత్తో డ్రమ్ము తిప్పుతుంటే తలకి పెట్టుకునే హెయిర్‌పిన్నులు దానికి రాసుకుంటూ కరెంట్ తగిలినచోట బల్బు వెలుగుతుంది, టేపు ఉన్నచోట ఆగిపోతుంది. ఏ బల్బు ఎప్పుడు వెలగాలో అంతా ఆ టేపు అతికించడంలోనే ఉంది, తండ్రుల నుంచి పిల్లలు నేర్చుకునే పని. షో అయ్యాక వీలైతే లాంతరు వెనక్కి వెళ్ళి చూడండి, నాకైతే ముందు నుంచి చూసినదానికంటే అదే నచ్చింది.

సెలవల్లో థియేటర్లో మన సినిమా చూడొచ్చా?

కష్టం. డిసెంబర్ 25 నుంచి ఇంచుమించు రెండు వారాలు దేశమంతా థియేటర్లలో దాదాపు ఫిలిప్పినో సినిమాలే వేస్తారు, 1975 నుంచి నడుస్తున్న మెట్రో మనీలా ఫిల్మ్ ఫెస్టివల్ అది. హాలీవుడ్‌కి కూడా చోటుండదు. సొంత సినిమాని ఇలా కాపాడుకోవడం నాకు నచ్చుతుంది, ఒకటి చూడండి, చాలావాటికి ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉంటాయి.

మా అమ్మాయి ఇక్కడ మెడిసిన్ చదువుతోంది, మేమే వస్తే బావుంటుందా, తననే పిలిపించుకోవాలా?

కాలేజీ సెలవు తేదీలు ముందు కనుక్కోండి, సాధారణంగా మూడో వారంలో మొదలై జనవరి మొదటి వారం దాకా ఉంటాయి. టికెట్ రేట్లు చూస్తే ఇద్దరు రావడం కంటే ఒకరు వెళ్ళడం చవకే, కానీ మీరొచ్చి తను ఉండే గది, తినే తిండి, ఫ్రెండ్స్‌ని చూస్తే మీకూ నిశ్చింత. దవావ్‌లో చదివే పిల్లలైతే గుర్తుంచుకోండి, అది మిందనావ్ దీవిలో ఉంది, మనీలా నుంచి ఇంకో రెండు గంటల ఫ్లైట్. ఇంటికి రాలేని పిల్లలు హాస్టళ్ళలో ఒంటరిగా మిగిలిపోతారు, మీరొస్తే వాళ్ళల్లో ఇద్దర్ని కూడా భోజనానికి పిలవండి, అమ్మ చేతి పప్పన్నం తిని ఎన్నాళ్ళయిందో వాళ్ళకి.

క్రిస్మస్ అయ్యాక ఏం చూడాలి?

డిసెంబర్ 30 రిజాల్ డే, సెలవు. హోసే రిజాల్ ఇక్కడి జాతీయ వీరుడు, డాక్టరు, రచయిత. 1896లో అదే రోజు స్పానిష్ ప్రభుత్వం ఆయన్ని కాల్చి చంపింది, అప్పటికి ఆయనకి 35 ఏళ్ళు. ఇంట్రామురోస్‌లో ఫోర్ట్ సాంటియాగో దగ్గర ఆయన్ని బంధించిన చోటు ఉంది, అక్కడి నుంచి కంచు పాదాల గుర్తులు నేల మీద పరిచారు, ఆఖరి నడక అది. పిల్లలకి కథ చెప్తూ ఆ గుర్తుల వెంట నడవండి.

గోదావరి జిల్లాల రైతు కుటుంబాల వాళ్ళకి ఇంకోటి చెప్తా. మనీలాకి దక్షిణాన లోస్ బాన్యోస్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఉంది, ఐఆర్-8 వరి 1966లో బయటికొచ్చింది అక్కడి నుంచే. ఆ మరుసటేడే ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి చూపించారు. సెలవల్లో లోపలికి రానివ్వకపోవచ్చు, ముందే కనుక్కుని వెళ్ళండి. ఆ ఊళ్ళో వేడినీటి బుగ్గలు ఎలాగూ ఉన్నాయి.

షాపింగ్?

దివిసోరియా బజార్లో అన్నీ చవక, కానీ డిసెంబర్‌లో అడుగు తీసి అడుగు వెయ్యలేరు, జేబులు జాగ్రత్త. పిల్లలతో అస్సలు వద్దు.

న్యూ ఇయర్ దాకా ఉండమంటారా?

ఆస్తమా ఉన్నవాళ్ళు, పసిపిల్లలు ఉంటే వద్దు. 2017లో ప్రభుత్వం బాణసంచాని కంట్రోల్ చెయ్యాలని ఆర్డర్ ఇచ్చినా 31 రాత్రి ఊరంతా పొగే. మిగతావాళ్ళు ఉండండి, సరదాగా ఉంటుంది. డబ్బులు నిలవాలని చుక్కల బట్టలేస్కుంటారు, బల్ల మీద పన్నెండు రకాల గుండ్రటి పళ్ళు పెడతారు, పన్నెండు కొట్టగానే పిల్లలు పొడుగవ్వాలని ఎగిరెగిరి గెంతుతారు. బాల్కనీలోంచి చూడండి, వీధిలోకి దిగొద్దు.

ఇంకేమైనా చిన్న చిన్నవి?

మనకంటే రెండున్నర గంటలు ముందు. కరెంట్ 220 వోల్టులే కానీ ప్లగ్గులు అమెరికావి, రెండు చదును పిన్నులు, అడాప్టర్ తెచ్చుకోండి. పెసో అంటే సుమారు రూపాయిన్నర. ఇరవై, యాభై నోట్లు ఎప్పుడూ దగ్గర ఉంచండి, సాయంత్రం పూట పిల్లలు సీసా మూతలు చితక్కొట్టి చేసిన తాళాలు మోగిస్తూ 'నమమాస్కో పో' అని పాడుకుంటూ వస్తారు, వాళ్ళకి ఇవ్వడానికి.